నాయన బిందెలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పుల్లలచెరువు దగ్గరి ఒక పల్లెకు ఇంగ్లీషు టీచరుగా వెళ్లిన తొలి వేసవిలోనే ఊరంతటికీ ఆ సంగతి తెలిసిపోయింది.

బోర్లు ఎండిపోయి, మధ్యాహ్నాలు ట్యాంకరు వచ్చేది. మనిషికి రెండు బిందెలు. ఎన్నింటికి వస్తుందో డ్రైవరుకే తెలియదు. అందుకని ఆడవాళ్లు పొద్దున్నే బిందెలు వరుసగా పెట్టి పనులకు పోయేవాళ్లు, హారన్ వినపడితే పరుగెత్తుకొచ్చేవాళ్లు. నాకేం తెలుసు? మొదటిరోజు వెళ్లేసరికి అక్కడ ఒక్క మనిషీ లేరు. అన్నిటికంటే ముందున్న సొట్ట బిందెను పక్కకు జరిపి నాది పెట్టాను. అది మా ఎదురింటి అవ్వది. వస్తూనే చూసింది.

"ఏందమ్మా, నన్ను నెట్టేసినావే?"

"నిన్నెవరు నెట్టినారవ్వా? నువ్విక్కడ లేనే లేవు గదా!"

"బిందె ఉంది గదా. బిందె ఉంటే నేనున్నట్టే."

"లైనంటే మనుషులు నిలబడేది! ఇంగ్లీషు టీచరుకే ఇంగ్లీషు నేర్పుతావా?"

సాయంత్రం అవ్వ నోరు మూయించడానికి లావుపాటి డిక్షనరీ తీశాను. లైన్ అన్న మాటకు ఇచ్చిన అర్థాల్లో నిలబడ్డ మనుషుల వరుస ఎక్కడో అడుగున ఉంది. ఆ మాట పుట్టింది అవిసె నారతో పేనిన దారం నుంచట. ముందు దారం, తర్వాత దారం పట్టి గీసిన గీత, ఆ పైన మిగతావన్నీ. నేను కట్టుకున్న లినెన్ చీరా, జాకెట్టుకు టైలరు వేసిన లైనింగూ దానికి చుట్టాలే. మా ఇంట్లో మాత్రం లైనంటే నాయన ఉద్యోగం. గిద్దలూరులో రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా చేసేవాడు. నాయనేడీ అని అడిగితే "లైను మీదికి పోయినాడు" అనేది అమ్మ. కరెంటు పోతే లైన్‌మన్ రావాలి, ఫోన్లో లైన్లో ఉండమంటారు, మా తొమ్మిదో తరగతి మగపిల్లలు ఆడపిల్లలకు వేసేదీ లైనే. ఇంతమంది ఎవరికి వీలైనట్టు వాళ్లు వాడుకుంటుంటే అవ్వ బిందెతో వాడుకుంటే ఏం పోయింది? ఓడిపోయానని తెలిసింది. అవ్వకు మాత్రం చెప్పలేదు. నెలరోజులు ఎదురెదురు గుమ్మాల్లో ముఖాలు తిప్పుకుని బతికాం.

అప్పుడే నాయనకు పక్షవాతం వచ్చింది. మార్కాపురం ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు గానీ కుడివైపు పడిపోయింది. అమ్మ పోయి చాలా ఏళ్లయింది, నాకు తోబుట్టువులు లేరు. నీళ్లు లేని ఊరికి మంచంలో ఉన్న మనిషిని తీసుకుపోతావా అని అందరూ అన్నారు. నా బిడ్డలాంటి నాయనను ఇంకెక్కడ వదలను? తీసుకొచ్చేశాను.

రెండు రోజుల్లోనే తెలిసొచ్చింది. దుప్పట్లు ఉతకాలి, ఒళ్లు తుడవాలి. లైనుకు రాలేని నాయనకు వాటా ఉండదనుకున్నాను, నా రెండు బిందెలు ఏ మూలకు? గిద్దలూరులో ఎవరినైనా మనిషిని పెట్టి నాయనను అక్కడే ఉంచుదామా అన్న ఆలోచన కూడా వచ్చింది. వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

మూడోరోజు బడికి పోతూ నా బిందెలు వరుసలో పెట్టి వెళ్లాను. ఒంటిపూట బడి అయ్యాక ఇంటికొచ్చి, మధ్యాహ్నం నాయనకు తడిసిన పంచె మారుస్తుండగా హారన్ మోగింది.

"పోమ్మా, నీళ్లు పోతాయి," అన్నాడు నాయన, ముద్దముద్దగా.

ఆయనను అట్లా సగంలో వదిలేసి ఎట్లా పోను? పంచె కట్టి, పక్క సర్ది, గబగబా లేచేసరికి ట్యాంకరు వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది. ఎవరి మీద అరవాలో తెలియని కోపంతో తలుపు తీశాను. అరుగు మీద నాలుగు నిండు బిందెలు, మూతలు పెట్టి ఉన్నాయి. రెండు నావి. మిగతా రెంటిలో ఒకటి ఆ సొట్ట బిందె. అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంటూ మెట్టు మీద కూర్చుని ఉంది.

"నీ బిందెలు ఇక్కడ పెట్టినావేందవ్వా?"

"నా నీళ్లు నా ఇంట్లో ఉండాయి. ఇయ్యి మీ నాయనవి. పొద్దున్నే ఆయన పేరు మీద లైన్లో పెట్టినాను."

"ఆయన లేవలేడు గదవ్వా. మిగతావాళ్లు ఒప్పుకున్నారా?"

"నిలబడలేనోళ్ల కోసమే గదమ్మా బిందె పెట్టేది!"

గుమ్మంలోనే నిలబడి ఏడ్చేశాను. ఆ మధ్యాహ్నం అవ్వ పట్టుకుంటే నాయనకు తలస్నానం చేయించాను.