పక్క సర్వర్లో మిగిలిన ఫొటో

కుట్టుమిషన్లు బాగుచేసే అతను, తనంతట తానే నేర్చుకుని, కొట్లోని పాత కంప్యూటర్ మీద బంధువుల కోసం చిన్న సోషల్ నెట్‌వర్క్ నడిపేవాడు. ఆ సాయంత్రం అందులో చెల్లెలు ఒక ఫొటో పెట్టింది. కొట్టే మొగుడికి తెలియకుండా ఆమె చేరిన కొత్త ఇంటి బాల్కనీ అది. ఎదురుగా మందుల షాపు బోర్డు, వీధి పేరుతో సహా కనిపిస్తోంది. వెంటనే తీసేసి ఫోన్ చేశాడు.

“తీసేశావుగా అన్నయ్యా! నీకన్నీ కంగారే. సూది విరిగినా మిషనే పోయిందంటావు.”

“మన దాంట్లోంచే తీశానమ్మా. పెట్టగానే మనతో కలిసిన వేరేవాళ్ల సర్వర్లన్నిటికీ కాపీ వెళ్లిపోతుంది. తీసెయ్యమని అడగడమే మన వంతు. తీసేది వాళ్లే.”

మాట్లాడుతూనే ఒక్కో సర్వర్ తెరిచి చూశాడు. అన్నిట్లో ఫొటో పోయింది, ఒక్కదాంట్లో తప్ప. దాన్ని నడిపేవాడికి బతిమాలుతూ రాయబోతుండగా ఫొటో కింద ఒక లైకు పడింది. ఎవరిదా అని చూస్తే, చెల్లెలి మొగుడిది.

అతను కుర్చీ తోసేసి లేచాడు.

“ఏమైంది అన్నయ్యా? ఏమిటా చప్పుడు?”

“తలుపు గడియ పెట్టుకో. ఎవరొచ్చినా తియ్యకు. నేను వచ్చి పిలిస్తేనే తియ్యి,” అంటూ చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాడు.