గొంగళ్ల పథకం తప్పని రాసిన ఖాదర్ సాహెబ్

కల్వకుర్తి తాలూకా కచేరీలో గుమాస్తాగా జీవితమంతా గడిపిన ఖాదర్ సాహెబ్ గారు కన్నుమూశారని నిన్న పోస్టుకార్డు వచ్చింది. జనాజా జరిగి మూడు రోజులైందట. ఆ దుర్వార్త పంచుకోవడానికి ఆయనను ఎరిగినవారు ఈ మహబూబ్‌నగరులో నాకొక్కరూ లేరు.

అదే కచేరీలో చిన్న గుమాస్తాగా చేరిన నాకు పని నేర్పిన గురువు ఆయన. "కాయిదం మీద ఊరు కనబడాలె నర్సింహులూ, ఉత్త అంకెలు కాదు" అనేవారు. భార్యాబిడ్డలు లేని మనిషి. మధ్యాహ్నం తన జొన్నరొట్టెలో సగం నాకు పెట్టందే తినేవారు కారు.

చైనా యుద్ధం వచ్చిన ఏడు, సరిహద్దు మంచులో ఉన్న సిపాయిలకు తాలూకా నుంచి గొంగళ్లు పంపాలని హుకుం వచ్చింది. ఊరూరి వాటా నిర్ణయించే పథకం సాహెబే రాశారు. ఏ ఊళ్లో ఎన్ని గొర్రెలున్నాయో పట్టీ చూసి, ఊరికిన్ని గొంగళ్లని వాటా వేశారు. ఆ ఏటి ఉన్ని అప్పటికే కత్తిరించి అమ్మేశారని ఆయనకు తెలియదు. గొర్రెలు కాసే కురుమల ఇంట పుట్టిన నాకు తెలుసు. పై అధికారులు తొందరలో ఉన్నారని నోరు మెదపలేదు.

వసూలుకు పోయిన ఊళ్లో మల్లయ్య అనే ముసలి కాపరి భుజం మీది గొంగడే తీసి మా బండిలో వేశాడు.

"మరి చలికి నీకెట్ల?" అన్నారు సాహెబ్.

"మందల పండుకుంట గద సాబూ, గొర్ల నడుమ ఎచ్చగనే ఉంటది. సిపాయి పోరలకు గొర్లు లేవాయె."

ఉన్ని అప్పటికే అమ్ముడైందని అతన్ని అడిగి తెలుసుకుని, సాహెబ్ ఆ గొంగడిని మళ్లీ అతని భుజాన కప్పారు. కచేరీకి వచ్చి, తన పథకం తప్పనీ, మళ్లీ ఉన్ని తీసేదాకా గడువివ్వాలనీ తహసీల్దారుకు రాసిచ్చారు. యుద్ధసమయంలో అది ద్రోహంలా వినిపించింది. తహసీల్దారు నన్ను పిలిచి, "మీ ఇంట్ల గొర్లున్నయి గద, ఖాదర్ రాసింది నిజమేనా?" అని అడిగారు. సాహెబ్ పక్కనే నిలబడి ఉన్నారు.

"నాకు తెల్వదు సార్" అన్నాను.

ఆయనకు రావలసిన హెడ్‌గుమాస్తా పదవి నాకు వచ్చింది. ఆ తర్వాత కచేరీలో ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు. సిగ్గుతో నేనూ కూర్చోలేదు. నేను బదిలీ అయి వచ్చేదాకా ఆయన ఒంటరిగానే రొట్టె తిన్నారు. ఒక్కసారి మాత్రం, "ఫికర్ చెయ్యకు, పిల్లలున్నోనివి" అన్నారు. తిట్టినా ఇంత బాధపడేవాణ్ణి కాదు.

అంతటి సత్యసంధుడు మళ్లీ ఆ కచేరీకి రాడు. గురువర్యా, మీరు రాసింది అక్షరాలా నిజమని నేడు ఈ రాతలో అందరి ముందూ ఒప్పుకుంటున్నాను. నా నోట ఆ మాట వినవలసిన వారు మీరొక్కరే.