దొరసానమ్మ ఊరికి దారి

వారం రోజుల నుంచి నాకు కుదురు లేదు. మా తమ్ముడి కూతురు గాలిమరల కంపెనీలో ఇంజనీరు. కర్నూలు దగ్గర గుట్టల మీద తెల్లగా తిరుగుతుంటాయే, వాటి మంచిచెడ్డలు చూసే ఉద్యోగం. ఆ పిల్లను ఇప్పుడు మూడు వారాల శిక్షణ కోసం డెన్మార్కు పంపిస్తున్నారు. పోయిన ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికొచ్చి, నా ఎదురుగా కూర్చుని నోటుబుక్కు తెరిచి, "అత్తా, మన ఇండ్లల్లో ఆ దేశం చూసిన మనిషివి నువ్వొక్కదానివే. రైలు ఎట్ల ఎక్కల్ల, యాడ దిగల్ల, అంతా చెప్పు, రాసుకుంటా" అంది.

నేను వెళ్ళొచ్చి ముప్పై ఏళ్ళు దాటింది, అప్పటి సంగతులు ఇప్పుడేం పనికొస్తాయి అంటూనే మొదలుపెట్టాను. అక్కడ స్టేషన్లలో లోపలికి పోనీకుండా అడ్డుకునేవాళ్ళు ఉండరు, అట్లాగని టికెట్టు లేకుండా ఎక్కకూడదు, బండి కదిలాక తనిఖీ మనిషి వస్తాడు. తలుపు దానంతటది తెరుచుకుంటుందని నిలబడితే బండి వెళ్ళిపోతుంది, పక్కనున్న బొత్తాం నొక్కాలి. ఎనిమిదీ పదిహేడుకు అని రాసుంటే ఎనిమిదీ పదిహేడుకే కదులుతుంది, మన బండ్ల లెక్క కాదు. బస్సు దిగగానే అటూ ఇటూ చూడకుండా అడుగేయవద్దు, రోడ్డుకీ కాలిబాటకీ మధ్యన సైకిళ్ళ దారి ఉంటుంది, ముసలివాళ్ళు కూడా ఆ దారిన బాణాల్లా పోతుంటారు. రైల్లో మాట్లాడకూడని పెట్టెలని వేరే ఉంటాయి, వాటిలో కూర్చుని మీ అమ్మకు ఫోన్ చేయబోకు. గొడుగు తీసుకుపోయి లాభం లేదు, ఆ గాలికి నిలవదు, టోపీ ఉన్న వానకోటు కొనుక్కో. ఇట్లా నాకు గుర్తున్నవన్నీ చెప్పుకుంటూ పోతే, టికెట్లు ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతాయని ఆ పిల్ల నాకు చెప్పింది. చివరికి ఒక్కటి మాత్రం రెండు గీతలు గీసి రాసుకోమన్నాను: అక్కడ ఒకే రైలు దారిలో విడిపోయి ఒక ముక్క ఒక ఊరికీ, ఇంకో ముక్క ఇంకో ఊరికీ పోతుంది; రైలు పేరు కాదు, నువ్వు కూర్చున్న పెట్టె మీద ఏ ఊరు రాసుందో చదువుకో.

ఎందుకత్తా అంత గట్టిగా చెప్తాండావు అని అడిగితే, ఊరికే అన్నాను. ఆ పిల్ల వెళ్ళిపోయింది. అప్పటి నుంచి నేను కూర్చుంటే లేవాలనీ, లేస్తే ఎక్కడికో పోవాలనీ అనిపిస్తూ, ముందుగదికీ వంటింటికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. ఆ పిల్లకు చెప్పనిది నా ఈడు వాళ్ళకు చెప్పుకుంటే కాస్త నెమ్మదిస్తానేమో.

మైదుకూరుకు కొద్ది దూరంలో, కడప కర్నూలు రోడ్డు పక్కనే, మా మిషన్ ఆసుపత్రి ఉండేది. వేరుశనగ చేలల్లో కూలికి పోయే మా అమ్మ నా తొమ్మిదో ఏట చనిపోతే, నన్ను తీసుకొచ్చి ఆసుపత్రి వెనక హాస్టల్లో వేసిందీ, చదివించి నర్సును చేసిందీ అక్కడి పెద్ద నర్సు. డెన్మార్కు మనిషి. మా వైపు తెల్ల ఆడమనిషి ఎవరైనా దొరసానమ్మే కాబట్టి ఆమె కూడా దొరసానమ్మే. చిన్న వయసులో వచ్చి, నీళ్ళు మోసే ఆడవాళ్ళ దగ్గరా, పురుళ్ళకొచ్చిన తల్లుల దగ్గరా తెలుగు నేర్చుకోవడంతో, కళ్ళు మూసుకుని వింటే మా ఊరి ముసలమ్మ మాట్లాడినట్టే ఉండేది. ఆమెకు ఓపిక బొత్తిగా లేదు. టీకాల పెట్టె పట్టుకుని పల్లెలకు పోయేటప్పుడు బస్సు ఆలస్యమైతే చెట్టు నీడన నిలబడేది కాదు, "పాపా, పా, బస్సే మన ఎనకాల వస్తాది" అని ఎండలో రోడ్డు వెంట నడిచేది, నేను పరిగెత్తేదాన్ని. ముద్దు చేసిన మనిషి కాదు. కానీ నాకు జ్వరమొస్తే రాత్రి డ్యూటీ చేసి మరీ పగలంతా నా మంచం పక్కన కూర్చునేది.

తన మట్టి ఇక్కడేనని, మా చర్చి వెనక సమాధుల తోటలో ఏ మూల కావాలో కూడా చూసి పెట్టుకున్నానని అంటుండేది. నేను నమ్మాను. నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు, వయసైపోయింది, తిరిగి రమ్మని ఆమె దేశం నుంచి ఉత్తరమొచ్చింది. ఆ సంగతి ఆమె నోటితో నాకు తెలియలేదు. మందులిచ్చే కాంపౌండరు చెప్తే తెలిసింది. ఆ సాయంత్రం చెప్పడానికి వచ్చింది కూడా, కానీ నేను మొహం తిప్పుకుని పరుపు దుప్పట్లు మడత పెడుతూ ఉండిపోయాను. తల్లి రెండోసారి పోయినట్టుంది నాకు, అది ఎట్లా చెప్పాలో తెలియక కోపం చేసుకున్నాను.

ఆమె బయల్దేరిన రోజు పొద్దున ఆసుపత్రి అంతా గేటు దగ్గరికి పోయింది. నేను వార్డులో ఒక రైతు కాలిపుండుకు కట్టు కడుతున్నాను. కడప బస్సు వచ్చి ఆగడం వినిపించింది. ఆగిన బస్సు కదలదు. ఇంజను అట్లాగే గుడగుడలాడుతోంది, హారన్ ఒకసారి, మళ్ళీ ఒకసారి. ఆయా వచ్చి, "పోయి రామ్మే, అందరూ ఆడనే ఉండారు" అంటే, "నాకు పనుండాది" అన్నాను. సామాన్లు ఎక్కిస్తున్నారేమో అనుకున్నాను. చాలాసేపటికి బస్సు వెళ్ళిపోయింది. కట్టు మరీ బిగువుగా కట్టానని ఆ రైతు అరిస్తే మళ్ళీ విప్పి కట్టాను.

అక్కడి నుంచి ప్రతి క్రిస్మసుకూ ఉత్తరం రాసేది. నేను నాలుగు వరుసలు జవాబు రాసేదాన్ని, అందులో ఆ రోజు మాట ఒక్కసారీ రాయలేదు. నాకు పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, పదమూడేళ్ళు గడిచాయి. చివరి రెండేళ్ళూ ఆమె ఉత్తరాలు రాలేదు. ఆ తర్వాత ఆమె తమ్ముడి కూతురు ఇంగ్లీషులో రాసిన కవరొకటి వచ్చింది.

మా మేనత్త ఇప్పుడు ముసలివాళ్ళ ఆశ్రమంలో ఉంది, మతి తప్పింది, మా భాషంతా మరిచిపోయింది, మేం మాట్లాడితే గోడను చూసినట్టు చూస్తుంది, తను మాట్లాడేది మాకెవరికీ అర్థం కాదు, అది మీ భాషే అనుకుంటున్నాం అని రాసింది. ప్రతి పొద్దునా చేతిసంచి తగిలించుకుని తలుపు దగ్గర నిలబడుతుందట, ఎవరు కూర్చోబెట్టినా కూర్చోదట. రోజూ అంటున్న ఒక మాటను, విన్నది విన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది, ఇది ఏమిటో చెప్పగలరా అని. మాటలు ఎక్కడపడితే అక్కడ విరిగి ఉన్నాయి: నాపా పరాలే దప్పా రవ్వం తసేపు బండా పు. మొదటిసారి ఏమీ తెలియలేదు. వంటింట్లో నిలబడి పైకి చదివాను. మూడోసారికి ఆమె గొంతే వినిపించింది.

"నా పాప రాలేదప్పా. రవ్వంతసేపు బండాపు."

బస్సు ఎందుకు కదల్లేదో పదమూడేళ్ళకు తెలిసింది నాకు. ఆ కాగితం పట్టుకుని గడప మీద కూర్చున్నాను. బడి నుంచి వచ్చిన మా ఆయన ఉత్తరం చదివి, ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, "పోయిరా. పిల్లోల్లను నేను చూసుకుంటా" అన్నాడు.

పాస్‌పోర్టు చేతికొచ్చేసరికి మూడు నెలలైంది. ఆ మూడు నెలలూ పోస్టుమాను సైకిలు కనబడితే చాలు చేతిలో పని వదిలేసి వాకిట్లోకి పరిగెత్తేదాన్ని, పాస్‌పోర్టు వస్తుందో చావు కబురే వస్తుందో తెలియక. విమానం టికెట్టు వాళ్ళే పంపారు. కడపలో బొంబాయి రైలెక్కి, అక్కడి నుంచి రెండు విమానాలు మారి కోపెన్‌హేగన్‌లో దిగాను. స్వెట్టరు మీద చీర, చేతిలో రేకుపెట్టె, దొరసానమ్మ తమ్ముడి కూతురు వరుస అంకెలేసి రాసి పంపిన దారి కాగితం.

ఆ దేశం చేతి వెడల్పంత ఉంటుంది కానీ దీవులు దీవులుగా ముక్కలై ఉంటుంది. దొరసానమ్మ ఊరు పడమటి చివరన. అప్పట్లో మధ్యలో సముద్రం దాటాలంటే రైలే ఓడెక్కేది. మీరు నమ్మండి, నమ్మకపొండి, రైలును ముక్కలు చేసి ఓడ కడుపులోకి తోసి వరసగా పక్కపక్కన నిలబెట్టారు, మనుషులందరూ మెట్లెక్కి పైకి పోయి కాఫీలు తాగుతున్నారు. నేను కూడా పోయాను. అప్పటిదాకా నేను చూసిన నీళ్ళంటే మహానంది కోనేళ్ళూ, వరదొచ్చిన ఏడాది పెన్నమ్మా. అటు చూస్తే నీళ్ళు, ఇటు చూస్తే నీళ్ళు. గాలికి చీర నిలవడం లేదు. దొరసానమ్మ ఇంత నీళ్ళను వదిలేసి మా ఎండకు ఎట్లా వచ్చిందా అని కడ్డీ పట్టుకుని నిలబడిపోయాను. మైకులో ఏదో చెప్పారు, జనమంతా దిగుతుంటే నేనూ దిగాను. కింద అన్ని వరసలూ ఒకే రంగు, ఒకే రూపు. తోచిన పెట్టెలో ఎక్కాను.

కాగితంలో ఈ సంగతి లేదు. అక్కడి వాళ్ళకు పుట్టుకతో తెలిసింది రాయాలని తట్టదు కదా. చాలా దూరం పోయాక తనిఖీ ఆయన వచ్చి టికెట్టు చూసి, తల అడ్డంగా ఊపాడు. పడమరకు పోయే ముక్క వెనక జంక్షన్లోనే విడిపోయిందట, ఇది ఉత్తరానికి పోతోందట. నా మొహం చూసి భయపడ్డాడేమో, పాపం, తర్వాతి స్టేషన్లో నాతో పాటు దిగి, ఏ ప్లాట్‌ఫారం మీద నిలబడాలో చూపించి, నా కాగితం వెనక బండ్ల వేళలు రాసిచ్చి మళ్ళీ తన బండి ఎక్కాడు. నలభై నిమిషాలు. బెంచీ ఉంది, కూర్చోలేకపోయాను. రేకుపెట్టె మోసుకుంటూ ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాను. పదమూడేళ్ళు ఆగిన మనిషి ఈ నలభై నిమిషాల్లో పోతుందని గట్టిగా అనిపించింది. అడ్డం పడి ఆపమంటే ఆగే బండి ఆ దేశంలో లేదు.

సాయంత్రం చేరాను. అక్కడ ఎండాకాలం కాబట్టి ఇంకా మిట్టమధ్యాహ్నంలా వెలుతురుంది. ఆ తమ్ముడి కూతురు మూడు బండ్ల నుంచీ స్టేషన్లోనే కాచుకుని ఉంది. ఇంటికి పోయి స్నానం చేద్దువు అంటే వద్దన్నాను. నేరుగా ఆశ్రమానికి పోయాం.

నడవ చివర, అద్దాల తలుపు దగ్గర, చేతిసంచి తగిలించుకుని నిలబడి ఉంది. ఎంత చిన్నదైపోయిందో. రేకుపెట్టె కింద పెట్టి దగ్గరికి పోయాను.

"దొరసానమ్మా, నేనొచ్చినా" అన్నాను.

ఆమె తిరిగి నన్ను కింది నుంచి పైకి చూసింది.

"ఇంతసేపు యాడుంటివే? డ్రైవరప్ప ఎంతసేపని నిలబెడతాడు?"

"తప్పయింది. వార్డులో పనుండె" అన్నాను, ఏడుస్తూ.

"పనుంటే చెప్పల్ల గదా పాపా. నేను ఏమనుకోవల్ల?" అంది. నా చెంగు నేల మీద పడి ఉంటే వంగి తీసి భుజం మీద వేసింది. తర్వాత పక్కనున్న కుర్చీలో, పనంతా అయిపోయిన మనిషిలా కూర్చుంది. పొద్దు వాలకముందే ఆమె కూర్చోవడం ఏడాదిగా చూడలేదని ఆ తమ్ముడి కూతురు నోటి మీద చేయి పెట్టుకుంది.

పద్దెనిమిది రోజులు ఉన్నాను. ఆమె కళ్ళకు కొన్ని రోజులు నేను నర్సును, కొన్ని రోజులు చనిపోయిన మా అమ్మను, కొన్ని రోజులు ఎవరో పురిటికొచ్చిన మనిషిని. వాళ్ళు పిచ్చిమాటలనుకున్నవి వేడినీళ్ళు కావాలనీ, కాళ్ళు నొస్తున్నాయనీ అడగడం. చల్లటి నీళ్ళు ఇస్తుంటే ఏడాదిగా పారబోస్తోంది. యాభై మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, పక్కన అర్థాలు రాసి, మంచం పక్క గోడకు అంటించాను. వచ్చే ముందు రోజు, రేపు పోతున్నానని ఆమె కళ్ళలోకి చూసి చెప్పాను. ఈసారైనా చెప్పాలి కదా. మర్నాడు తలుపు దాకా వచ్చి, "పో, బండొచ్చే పొద్దాయ" అంది. ఆ చలికాలంలోనే పోయింది. చివరి రోజు "చాలు" అన్నదనీ, గోడ మీది కాగితం చూసి అర్థం తెలుసుకున్నామనీ రాశారు.

ఇప్పుడు ఆ సముద్రం దాటడానికి కొంత సొరంగమూ కొంత వంతెనా కట్టేశారట, రైలు ఓడెక్కదట, కొద్ది నిమిషాల్లో దాటిపోవచ్చని మా పిల్ల ఫోన్లో చూసి చెప్పింది. ఇక్కడా మా ఆసుపత్రి మూతపడి గోడలు మిగిలాయి, కడప రోడ్డు వెడల్పై ఊరి పక్కనుంచి తప్పుకుపోయింది, బస్సులు మా వైపు చూడకుండానే వెళ్ళిపోతాయి. దారులన్నీ సులువయ్యాయి, ఎవరికోసమూ ఎవరూ నిలబడాల్సిన పని లేకుండా పోయింది, మంచిదే, కాదనను. మా పిల్లకు నాకు తెలిసిన దారులన్నీ చెప్పాను. దొరసానమ్మను మట్టి చేసిన చోటికి ఆ ఊరి స్టేషన్ నుంచి ఏ బస్సు పోతుందో మాత్రం చెప్పలేకపోయాను. అది నాకు తెలియదు. నేను మళ్ళీ పోలేదు.