పెదవి కదలని జపం

ఆ కబురు నాకు ముందుగా తెచ్చింది మా ఆడపడుచు. నాకు కడుపు పైభాగాన బరువుగా ఉంటోందంటే చిలకలూరిపేటలో స్కానింగ్ తీయించారు. రిపోర్టు తేవడానికి తనే వెళ్ళింది. నేను కల్లంలో ఎండు మిరపకాయల్లోంచి తెల్లబడిన తాలుకాయలు ఏరుతున్నాను. వచ్చి నా పక్కన కూలబడింది.

"లివర్లో గడ్డ కనపడిందంట వదినా. మంచిదో చెడ్డదో ఇందులో తేలదంట. గుంటూరెళ్ళి ఎమ్మారై తీయించుకోమన్నారు."

చెడ్డదంటే క్యాన్సరని ఇద్దరికీ తెలుసు. ఆ మాట మాత్రం ఎవరమూ అనలేదు. తనే కళ్ళు తుడుచుకుని, "మిరప ఘాటుకులే, నువ్వు భయపడమాక" అంది.

నేను బడికి వెళ్ళలేదు. అక్షరాలైనా స్తోత్రాలైనా మా నాయనమ్మ ఇంట్లోనే నేర్పింది. తను అనేది, నేను తిరిగి అనేదాన్ని. పెదవి కదిలితేనే నాకు చదివినట్టు. పొయ్యి వెలిగించినా, భయం వేసినా నోట్లో నామం నడుస్తూనే ఉంటుంది.

గుంటూరులో ఆ మిషన్లో పడుకోబెట్టినప్పుడూ అంతే. చెవులు మూసినా డబడబమని మోత. స్పీకర్లో "ఊపిరి బిగబట్టండి" అనగానే నామం అందుకున్నాను. కాసేపటికి స్కానింగ్ తీసే అమ్మాయి లోపలికి వచ్చింది.

"అమ్మా, బొమ్మలు చెదిరిపోతున్నాయి. మాట్లాడుతున్నారా?"

"లేదు తల్లీ. నామం చెప్పుకుంటున్నా."

తలుపు దగ్గర నుంచి మా ఆడపడుచు, "మా వదిన నోరు మూయించడం మా అన్నయ్య వల్లే కాలేదమ్మా!" అంది.

ఆ అమ్మాయి నవ్వి, "ఇప్పుడైతే మళ్ళీ తీయొచ్చండీ. నరంలోకి మందు ఎక్కించాక అది గడ్డలోకి ఎట్లా పోతుందో చూడాలి. అప్పుడు కదిలితే మళ్ళీ తీయడం కుదరదు. దేవుడు మనసులో అనుకున్నా వింటాడు కదా, ఈ మిషనే ఒప్పుకోదు" అంది.

మనసులో అనబోయినా నాలుక కదిలేది. చివరికి నామం కూడా విడిచిపెట్టి, "స్వామీ, ఇక నువ్వే చూసుకో" అనుకుని ఊరుకున్నాను. మందు చేతిలోకి చల్లగా ఎక్కింది. అంత మౌనంగా నేను ఆయన ముందు ఎన్నడూ ఉండలేదు.

సాయంత్రం డాక్టరుగారు కంప్యూటర్లో బొమ్మలు వరసగా చూపించారు. మందు మొదట గడ్డ అంచుల్లోనే మెరిసింది. తర్వాతి బొమ్మల్లో మెల్లగా మధ్యకు నిండి, అక్కడే నిలిచింది.

"క్యాన్సరైతే మామూలుగా మందును గబగబా పీల్చుకుని తొందరగా వదిలేస్తుందమ్మా. ఇది రక్తనాళాలు ముద్దకట్టిన గడ్డ. క్యాన్సర్ కాదు. బొమ్మలు స్పష్టంగా ఉన్నాయి కాబట్టి సూది గుచ్చి ముక్క తీసే పని కూడా లేదు. కొన్నాళ్ళాగి మళ్ళీ ఒకసారి చూపించుకోండి."

"ఇంక చదువుకో వదినా, ఎంత గట్టిగా చదువుతావో!" అని మా ఆడపడుచు నన్ను వాటేసుకుని ఏడ్చింది.

బయటికి వస్తే, స్కానింగ్ గది ముందు బల్ల మీద వేటపాలెం నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుని ఉంది. జీడిగింజలు కొట్టే పనట, వేళ్ళు నల్లబడి ఉన్నాయి. ఆమెకూ లివర్లో గడ్డే.

"ఏమన్నారక్కా?" అని అడిగింది. మంచి కబురు చెప్పడానికి నాకు నోరు రాలేదు. మా మొహాలు చూసే గ్రహించింది.

"పోన్లే, నీకు మంచి జరిగింది. లోపలేం చేస్తారు?"

"ఊపిరి బిగబట్టమంటారు. పెదవి కూడా కదిలించమాక."

సరేనని తల ఊపింది. ఇంతలో పిలిస్తే చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది.

ఆమెకు ఏం తేలిందో నాకు తెలియదు. పేరైనా అడగలేదు. దీపం పెట్టిన ప్రతిసారీ నా మేలుకు దండం పెట్టి, వెంటనే ఆమెను తలుచుకుంటాను. ఇది చదివినవారు కూడా, మీరు కొలిచే దేవుడి ముందు, ఆ జీడిగింజలు కొట్టే ఆవిడను ఒక్కసారి తలుచుకోండి.