గురజాలలో ఇటలీ మౌనం

ఆ రోజుల్లో, అంటే కొత్తగా లెక్చరర్ ఉద్యోగం వచ్చి లోకమంతా నాకే అర్థమైపోయిందనిపించే రోజుల్లో, కారంపూడి నుంచి నరసరావుపేటకి బస్సులో వెళ్తూ ఫోన్లో ఇటలీ డిటెక్టివ్ నవలలు చదివేవాణ్ని (ఇంగ్లీషు అనువాదాలే లెండి). ఒకే పోలీసాఫీసరు మీద వరసగా బోలెడు పుస్తకాలు. సముద్రపు ఒడ్డున చిన్న ఊరు. ఆయనకి మోకాళ్ల నొప్పి. మేడమీది పెద్దావిడ తాడు కట్టిన బుట్ట దించి కూరగాయలు తెప్పించుకుంటూ, ఆయనకి చీవాట్లు పెడుతుంటుంది. రెండో పుస్తకానికే హంతకుడెవరన్న పట్టింపు పోయింది నాకు. ఆ మోకాలు తగ్గిందా, ఆ పెద్దావిడ కులాసాగా ఉందా, ఇదే బెంగ. వరస నవలల్లో సుఖమంతా అక్కడే ఉంది, కొత్త పుస్తకం తెరిచినా తెలిసిన వీధిలోకే వెళ్తాం. (మా వీధిలో ఎవరి మోకాళ్ల సంగతీ నేనెన్నడూ అడగలేదు.) పైగా ఆ ఆఫీసరు ఎవర్నీ ప్రశ్నలు అడగడు. ఊరికే కూర్చుంటాడు. ఆ మౌనం భరించలేక అవతలివాళ్లే అన్నీ కక్కేస్తారు. నేను పుట్టు వాగుడుకాయని కాబట్టి నాకది మరీ గొప్పగా తోచింది.

సరిగ్గా అప్పుడే గురజాల సంబంధం వచ్చింది. దూరపు చుట్టాలు గనక పెళ్లిచూపులు భోజనంతో సహా. ఫొటోలోనే ఆ అమ్మాయి నాకు తెగ నచ్చేసింది, ఈ సంబంధం తప్పిపోకూడదనుకున్నాను. నోరు మెదపకపోతే లోతైన మనిషిలా కనిపిస్తానని ఆఫీసరు పద్ధతి పట్టాను. మన వైపు చాలు అనేదాకా వడ్డించడం ఆపరు కదా. అమ్మాయి మేనత్త గారెలు వేసింది. నేను మౌనం. “మొహమాటపడమాక నాయనా,” అని మళ్లీ వేసింది. మౌనం. ఆ గుట్ట మీద నాటుకోడి పులుసు పోసింది. పక్కనున్న మా పెదనాన్న మోచేత్తో పొడిచి, “ఒరేయ్, చాలనరా!” అని గొణిగాడు. (ఆఫీసరుకి ఇలాంటి పెదనాన్న లేడు.) నేను గంభీరంగా నములుతూనే ఉన్నాను.

భోజనాలయ్యాక అమ్మాయి వచ్చి ఎదురుగా కూర్చుంది. కాసేపు చూసి తనే అడిగింది. “మీరు చానా పుస్తకాలు చదువుతారంట గదా. ఏం పుస్తకాలండీ?”

ఎవరైనా అడిగితే బాగుండునని ఏళ్లుగా ఎదురుచూసిన ప్రశ్న అది. నేను కళ్లు కొంచెం చికిలించి కిటికీ వైపు చూశాను.

వారం తిరక్కుండా కబురొచ్చింది. పెదనాన్న ఫోన్ పెట్టేసి నావైపు తిరిగాడు. “తిండి సంగతి వాళ్లేం అనుకోలేదంటరా. మా పిల్లకి మాటలంటే పిచ్చి, ఆ అబ్బాయితో ఎట్టా ఏగుద్ది అన్నారు. నువ్వు నోరు మూయంగా ఇన్నేళ్లలో నేను చూళ్లేదు. ఆ ఒక్కపూటే ఏందిరా నీకు?”

నాకు నిజంగా ఏడుపొచ్చింది. కొన్నాళ్లు ఆ ఆఫీసరు మొహం చూడలేదు, తర్వాత మళ్లీ చూశాను, ఎంతైనా అలవాటు. నాకు వేరేచోట పెళ్లయింది. మా ఆవిడ మంచిది, హత్యలంటే గిట్టదు. ఇప్పుడు బస్సులో పక్కవాళ్లు నా ఫోన్ వైపు ఓ చూపు చూస్తే చాలు, అడక్కుండానే మొదలుపెడతాను, ఇటలీలో సముద్రపు ఒడ్డున ఒక ఊరుందండీ అని. వాళ్లు దిగిపోయేదాకా ఆపను. గురజాలలో కిటికీ వైపు చూస్తూ కూర్చున్న ఆ కుర్రాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ గదిలోకి వెళ్లి వాడి బదులు నేనే ఆ అమ్మాయికి చెప్పేయాలనిపిస్తుంది.