మొదటి ముద్ద

ఫ్యాక్షన్ రోజుల్లో మా నాయన పులివెందుల దగ్గర ఒక నాయకుడి ఇంట్లో వంటవాడు. విషం భయంతో ఆ నాయకుడు ప్రతి పూటా మొదటి ముద్ద నాయన చేతనే తినిపించి, కాసేపు ఆగి, తర్వాత తినేవాడు. ఒకనాడు జ్వరంతో నాయన ఆ ముద్ద కక్కుకున్నాడు. ఎదుటి పార్టీకి అమ్ముడుపోయాడని నాయకుడు నాయన కుడిచెయ్యి విరగ్గొట్టించాడు. ఆ చెయ్యి మళ్లీ గరిటె పట్టలేదు.

రోము చక్రవర్తులకూ ఇలా ముందు రుచి చూసే బానిసలుండేవారని నేను ప్రొద్దుటూరు లైబ్రరీలో చదివాను. ఆ చదువే నన్ను మధ్యధరా సముద్రం వైపు లాగింది. ఓడల్లో వంట చేసుకుంటూ పోయి, ఫ్రాన్సు ఓడరేవు మార్సేయ్‌లో స్థిరపడ్డాను. ఇప్పుడది నా ఊరు. అక్కడ నా హోటలుకు చేపల పులుసే పేరు తెచ్చింది.

ఒక మధ్యాహ్నం, ఫ్రాన్సు చూడ్డానికొచ్చిన ఆ నాయకుడే కొడుకుతో వచ్చి కూర్చున్నాడు. ముసలివాడయ్యాడు. పులుసు నేనే తీసుకెళ్లి పెట్టాను.

"తిను మామా," అన్నాను.

"మనోడివేనా? యాడప్పా మీది?"

"వేముల పక్కన. నువ్వు చెయ్యి విరిపించిన వంటాయన కొడుకుని. తిను, సల్లారిపోతాది."

కొడుకు చెంచా ఎత్తబోతే ముసలాయన అతని మణికట్టు పట్టుకున్నాడు.

"ముందు నువ్వు రోంత తిని చూపీప్పా," అన్నాడు మెల్లగా.

"ఈడ ఆ ఆచారం లేదు మామా."

ఇద్దరూ ఆకలితోనే లేచిపోయారు. వాళ్లు కారు కోసం రోడ్డు మీద నిలబడి అద్దంలోంచి చూస్తుండగా, నేను ముసలాయన కుర్చీలో కూర్చుని గిన్నె అడుగు కనబడేదాకా తిన్నాను.