లైన్ల పెట్టిన నా చెప్పు

తెలంగాణ రాకముందు మేము గోదావరిఖనిల బొగ్గుబాయి క్వార్టర్లల్ల ఉండేటోళ్లం. ఒక ఎర్రకుక్క మా కాలనీల దొరికినోళ్లనల్ల కరిచింది. నా పిక్క గూడ పట్టింది. దవాఖానల చూస్తే కుక్కకాటు సూదులు కొన్నే ఉన్నయట. పొద్దుగాలనే పోయి అందరం ఒక్కో చెప్పు లైన్ల పెట్టి, గోడ నీడకు కూసున్నం. నా చెప్పే అందరికంటె ముందు.

"మా ఆయన బాయి లోపల పనిచేస్తడు, ముందు మాకే ఇయ్యాలె" అన్నది నా ఎనుకామె.

"లోపలి డ్యూటీ, పైన డ్యూటీ కుక్కకు ఎరుకనా అక్కా?" అన్నడు ఒకాయన.

ఇంతల ఒక ఆఫీసర్ సారు వాళ్ల అత్త జీపు దిగి సీదా లోపలికి పోబోయింది. "చెప్పు పెట్టినవా అవ్వా?" అని అందరం అడ్డం పడ్డం.

ఆ లొల్లిల అదే ఎర్రకుక్క వచ్చి, నా చెప్పు నోట కరుచుకొని ఉరికింది. ఎనుకామె జల్ది తన చెప్పు ముందుకు జరిపి, "చెప్పు లేకుంటే నంబర్ లేదు" అన్నది.

నాకు మండింది. కొంగు నడుముకు చెక్కి, ఒంటిచెప్పు మీద అరుసుకుంట కుక్క ఎంట పడ్డ. బజారు మలుపుకాడ అది ఇడిసేదాక చెప్పు గుంజిన. కొప్పు ఊడి, రొప్పుకుంట వచ్చి, కుక్క చొల్లు కారుతున్న చెప్పును మళ్ల ముందు పెట్టిన.

అప్పటిదాక కొట్లాడుకున్నోళ్లంత ఒక్కటై నర్సును పిలిచిన్రు. "సిస్టరమ్మా, ముందు ఈమెకే ఇయ్యుండ్రి. ఈమెకు అప్పుడే పిచ్చి ఎక్కింది!"

కోపమైతే మస్తుగ వచ్చింది. అయినా నోరు మూసుకొని చెయ్యి చాపిన. మళ్ల అరిస్తే నిజమే అనుకుంటరు గద!